కొండకు జనాభా లెక్క తెలియదు

అమెరికాలో మంటలార్పడానికి పరుగెత్తేవాళ్ళలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి జీతం లేదు. పెద్ద నగరాల్లో అది ఉద్యోగం. రెండు మూడు వేల జనాభా ఉన్న ఊళ్ళల్లో మాత్రం హార్డ్‌వేర్ దుకాణం యజమాని, స్కూలు బస్సు డ్రైవరు, పాడి రైతు, బడిపంతులు కలిస్తే అదే ఫైర్ డిపార్ట్‌మెంట్. వాళ్ళ నడుముకు ఒక చిన్న పేజర్ వేలాడుతుంటుంది. పిలుపు వస్తే అది ఒక సెకను ఒక స్వరంలో, వెంటనే మూడు సెకన్లు మరో స్వరంలో కూస్తుంది. ఆ స్వరాల జంట ఆ ఊరి దళానికి కేటాయించినది, పక్క ఊరిది వేరు. తన జంట వినబడేదాకా పేజర్ నోరు తెరవదు. తెరిచాక డిస్పాచర్ గొంతు: ఫలానా రోడ్డు, ఫలానా ఇల్లు, పొగ కనబడుతోందట.

పిల్లలు అమెరికాలో ఉన్న తెలుగు తల్లిదండ్రులకు 911 అనే అత్యవసర నంబరు తెలుసు. ఆ నంబరు తిప్పాక ఏం జరుగుతుందో మనం పెద్దగా ఆలోచించం. ఫోను పని డిస్పాచర్ చెవి దగ్గర అయిపోతుంది. అక్కణ్ణుంచి మనిషి దాకా మాటను మోసేది రేడియో. ఆ రేడియో చాలా ఊళ్ళల్లో పాతబడింది. మార్చాలని అందరికీ తెలుసు. మార్చబోతే ఏళ్ళు పడుతుంది, సగంలో ఆగుతుంది, ఒక్కోసారి మార్చాక పాతదే నయమనిపిస్తుంది. డబ్బు లేకపోవడం ఒక కారణమే. దానికంటే లోతుగా ఒక భౌతికశాస్త్రపు పేచీ ఉంది.

ఒక ప్రాంతానికి ఎన్ని టవర్లు కావాలో చెప్పేది అక్కడి నేల. ఆ టవర్లకు డబ్బు ఎంత పోగవుతుందో చెప్పేది అక్కడ పన్ను కట్టే జనం. నగరంలో ఈ రెండు లెక్కలూ ఎలాగో కలుస్తాయి. లోయలో నాలుగు వందల ఇళ్ళున్న చోట కలవవు. కొండకు జనాభా లెక్క తెలియదు. ఇంతకంటే చికాకైన సంగతి మరొకటుంది: రేడియో మార్చుకోమనే ఒత్తిడి చాలాసార్లు ఆ ఊరి అవసరం నుంచి రాదు, నగరం ఇరుకు నుంచి వస్తుంది.

రొదను ఓడించిన ఉపాయం

1928లో డెట్రాయిట్ పోలీసులు కార్లలో రేడియో పెట్టారు. అది వినడానికే, కారులోని పోలీసు జవాబు చెప్పాలంటే దిగి ఫోను వెతుక్కోవాలి. 1933లో న్యూజెర్సీలోని బయోన్ అనే ఊరు ఇటూ అటూ మాట్లాడగల రేడియోలు పెట్టుకుంది. అవి ఎ.ఎం. రేడియోలు. ఎ.ఎం.లో మాట తరంగం ఎత్తులో దాగుతుంది. మెరుపు, కారు స్పార్క్ ప్లగ్ చేసే అల్లరి కూడా ఎత్తునే మారుస్తుంది కనుక, మాటనూ రొదనూ విడదీయడం రిసీవర్ తరం కాదు.

ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఎఫ్.ఎం. దీన్ని మార్చింది. తరంగం ఎత్తును అలాగే ఉంచి, దాని పౌనఃపున్యాన్ని మాటకు తగ్గట్టు అటూ ఇటూ ఊపితే, రిసీవర్ ఎత్తులోని హెచ్చుతగ్గులను కత్తిరించి పారేయొచ్చు. డేనియల్ నోబుల్ అనే ఇంజినీరు 1940లో కనెక్టికట్ రాష్ట్ర పోలీసులకు ఈ పద్ధతిలో రాష్ట్రమంతటికీ రేడియో ఏర్పాటు చేశాడు. తర్వాత దశాబ్దాల పాటు అమెరికా పల్లెల పోలీసు, ఫైర్ రేడియో అంటే ఎక్కువచోట్ల ఇదే: కొండ మీద ఒక రిపీటర్ (విన్న మాటను మళ్ళీ బలంగా పంపే యంత్రం), ఊళ్ళో 150 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల ఒకటో రెండో చానళ్ళు. ఈ పట్టీని వీహెచ్ఎఫ్ అంటారు. పాడైతే ఊళ్ళోనే బాగుచేసేవాడు దొరికేవాడు. ఇరవై ఏళ్ళు నడిచిన రిపీటర్లు మామూలే.

ఎఫ్.ఎం.లో ఊపు ఎంత పెద్దదైతే రొద అంత బాగా అణుగుతుంది. ఆ ఊపుకు చోటు కావాలి. ఒక్కో చానల్‌కు 25 కిలోహెర్ట్జ్ వెడల్పు ఇచ్చారు. నగరాలు పెరిగాయి, చానళ్ళు చాలలేదు. అమెరికా రేడియో తరంగాల పెత్తనం చూసే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, వాడుకలో ఎఫ్‌సీసీ, చానళ్ళను సగానికి కోయాలని తీర్మానించింది: 2013 జనవరి 1 నాటికి వీహెచ్ఎఫ్‌లోనూ, దాని పైనున్న యూహెచ్ఎఫ్‌లోనూ అందరూ 12.5 కిలోహెర్ట్జ్‌కు దిగాలి.

న్యూయార్క్‌కు, షికాగోకు ఇది అర్థమున్న మాట. రోజుకు పదిసార్లు కూడా మాట వినబడని లోయ చానల్‌ను సన్నం చేస్తే ఎవరికి లాభం? అయినా గడువు అందరికీ ఒకటే. ఊపును 5 కిలోహెర్ట్జ్ నుంచి 2.5కు తగ్గిస్తే రొదను అణిచే శక్తి తగ్గుతుంది. రిసీవర్ వడపోత కూడా సన్నబడుతుంది కాబట్టి లోపలికొచ్చే రొద కొంత తగ్గి నష్టంలో ఒక భాగం పూడుతుంది, మొత్తం పూడదు. మునుపు గరగరలాడుతూనైనా అర్థమయ్యే మలుపుల్లో మాట తెగిపోయింది. అంచు వెనక్కి జరిగింది. దాన్ని మళ్ళీ ముందుకు తేవాలంటే ఇంకో టవరు.

ఇందులో ఇంకో ఇబ్బంది, చెబితే చిన్నదిగా కనిపిస్తుంది. వెడల్పు రేడియో మాట్లాడితే సన్న రేడియోలో మాట పగిలి, వికారంగా వినిపిస్తుంది. సన్న రేడియో మాట్లాడితే వెడల్పు రేడియోలో మాట లోగొంతుకలో వస్తుంది. కాబట్టి అందరూ ఒకేసారి మారాలి. అంటే ఊరి దళం, పక్క ఊళ్ళ దళాలు, అంబులెన్సు, షరీఫ్, రోడ్ల శాఖ. స్వచ్ఛంద దళంలో రేడియోలు ఒక గదిలో ఉండవు. ఒకటి ఎవరి పికప్ ట్రక్కులోనో, ఒకటి పశువుల కొట్టంలోనో ఛార్జర్ మీద ఉంటుంది. వాటన్నిటినీ పోగుచేసి, లాప్‌టాప్‌కు తగిలించి, ఒక్కొక్కదానిలో చానళ్ళు మళ్ళీ రాయాలి. ఒక్క అంకె తప్పితే ఆ రేడియో ఉండీ లేనట్టే. 2013 జూన్ 30న అరిజోనాలో యార్నెల్ అనే చిన్న ఊరి దగ్గర కార్చిచ్చులో 19 మంది దళ సభ్యులు చనిపోయారు. తర్వాత వచ్చిన దర్యాప్తు నివేదిక ఆ రోజు రేడియోతో పడ్డ ఇబ్బందులు చెబుతూ, కొన్ని రేడియోల్లో సరైన టోన్లు రాసి లేవని పేర్కొంది. టోన్ అంటే మాటతోపాటు వెళ్ళే సన్నని గుర్తింపు స్వరం. అది సరిపోలకపోతే అవతలివైపు తలుపు తెరుచుకోదు. ఆ మరణాలకు అదే కారణమని ఎవరూ అనలేదు, నేనూ అనను. రేడియో మార్పులో ఎంత చిన్న పని ఎంత పెద్ద చోట బయటపడుతుందో చెప్పడానికే ఈ ప్రస్తావన.

గొంతును కొలిచే యంత్రం

సన్నం చేసిన చానల్‌లో ఎఫ్.ఎం. కంటే డిజిటల్ మేలు చేస్తుందనేది తర్వాతి వాదం. దీనికోసం 1989లో మొదలైన ప్రమాణమే ప్రాజెక్ట్ 25, వాడుకలో పి-25. వేర్వేరు కంపెనీల రేడియోలు ఒకదానితో ఒకటి మాట్లాడగలగాలన్నది దాని ఆశయం. 2001 సెప్టెంబరు 11 తర్వాత ఆ ఆశయానికి బలం వచ్చింది. ఆ రోజు న్యూయార్క్‌లో 343 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు. దాడికి గురైన జంట భవనాల్లో రెండోది కూలబోతోందన్న హెచ్చరిక అందాల్సినవాళ్ళందరికీ అందలేదు. ఆ తర్వాత రేడియోల కోసం ఇచ్చే ఫెడరల్ గ్రాంట్లు పి-25 వైపే మొగ్గాయి.

పి-25 రేడియో మన గొంతును యథాతథంగా పంపదు. 20 మిల్లీసెకన్లకొకసారి గొంతును కొలుస్తుంది: స్వరం ఎంత ఎత్తున ఉంది, ఏ పట్టీలో స్వరముంది, ఏ పట్టీలో ఊపిరి శబ్దమే ఉంది, ఒక్కోదాని బలమెంత. ఆ కొలతలను 88 బిట్లలో రాస్తుంది. దారిలో చెడిపోయినవాటిని సరిచేసుకోవడానికి ఇంకో 56 బిట్లు జోడిస్తుంది. అవతలి రేడియో ఈ కొలతలు చూసి గొంతును కొత్తగా తయారుచేస్తుంది. మనం వినేది మనిషి గొంతు కాదు, దాని వర్ణన ఆధారంగా అప్పటికప్పుడు పుట్టిన గొంతు.

ఈ పద్ధతిలో మొదట్నుంచీ ఒక ఊహ ఉంది: మైకు ముందు ఉన్నది ఒక మనిషి, మాట్లాడుతున్నాడు. మంటల దగ్గర ఆ ఊహ నిలవదు. గొలుసు రంపం, నీటి గొట్టం చప్పుడు, ముఖానికి ముసుగు, దాని మీద గాలి అయిపోతోందని మోగే గంట. ఇవి చాలవన్నట్టు, మనిషి అర నిమిషం కదలకపోతే తనంతట తానే గగ్గోలు పెట్టే భద్రతా అలారం. యంత్రం ఈ చప్పుళ్ళన్నిటినీ ఒక గొంతుగా కొలవబోతుంది. అవతల వినబడేది మాటా కాదు, రంపమూ కాదు. అమెరికా ఫైర్ చీఫ్‌ల సంఘం దీన్ని లేవనెత్తడంతో కొలరాడోలోని బౌల్డర్‌లో ప్రభుత్వ ప్రయోగశాల 2008 ప్రాంతంలో పరీక్షలు పెట్టింది. తీవ్రమైన చప్పుళ్ళలో అన్ని రేడియోలూ తడబడ్డాయి, కొన్ని చప్పుళ్ళలో డిజిటల్‌వి అనలాగ్ కంటే ఎక్కువగా తడబడ్డాయి. తర్వాత కొలిచే పద్ధతి మెరుగుపడింది, చప్పుడును గుర్తించి తీసేసే రెండో మైకు వచ్చింది. మైకును నోటికి ఎంత దగ్గర, ఏ కోణంలో పట్టాలో శిక్షణ కూడా ఇస్తున్నారు. నెలకోసారి సాయంత్రం కలిసే స్వచ్ఛంద దళానికి ఈ శిక్షణ కూడా ఖర్చే.

రెండో చిక్కు అంచు దగ్గర. వందలో రెండు బిట్లు చెడినా డిజిటల్ మాట తేటగానే ఉంటుంది. ఐదు చెడితే చెవి రిక్కించి వినాలి. అది దాటితే మాట ముక్కలై, ఆపైన నిశ్శబ్దం. అనలాగ్‌లో రొద క్రమంగా పెరిగేది. మనిషి అది విని రెండడుగులు కిటికీ వైపు జరిగేవాడు. ఆ రొద ఒక సమాచారం. డిజిటల్ చివరిదాకా బాగున్నట్టే నటించి ఒక్కసారిగా మాట మానేస్తుంది. సగటున డిజిటల్ ఎక్కువ దూరమే శుభ్రంగా అందొచ్చు. కానీ ముప్పై ఏళ్ళుగా రొదను బట్టి దారి చూసుకున్న పాత చీఫ్‌కు సగటుతో పనిలేదు, ఆయన గొణుగుడులో న్యాయం ఉంది.

రెండు కౌంటర్ల ఊరు

నగరాల రేడియోలో అసలైన విప్లవం ట్రంకింగ్. రైల్వే స్టేషన్లో పది టిక్కెట్ కౌంటర్లుంటే, ఒక్కోదానికి వేరే క్యూ పెట్టకుండా అందరినీ ఒకే వరసలో నిలబెట్టి ఏ కౌంటరు ఖాళీ అయితే అక్కడికి పంపడం లాంటిది. పోలీసులకొక చానల్, ఫైర్‌కొక చానల్ అని కట్టెయ్యకుండా, మీట నొక్కిన క్షణాన కంప్యూటర్ ఖాళీగా ఉన్న చానల్ ఇస్తుంది. ఈ బేరసారాలకు ఒక చానల్ పూర్తిగా పోతుంది.

ఇందులో లాభమెంతో చెప్పే గణితం డెన్మార్క్ ఇంజినీరు ఎర్లాంగ్ శతాబ్దం కిందట టెలిఫోన్ ఎక్స్చేంజీల కోసం కట్టాడు. వంద పిలుపుల్లో ఒకటికి మించి ఖాళీ దొరకక తిరిగిపోకూడదని నియమం పెట్టుకుందాం. 20 చానళ్ళ గుంపయితే, ఒక్కో చానల్‌ను సగటున 60 శాతం సేపు వాడుకోవచ్చు. 10 అయితే 45 శాతం. 5 అయితే 27 శాతం. రెండే అయితే 8 శాతం కూడా నిండదు. గుంపు పెద్దదైతేనే కలిసి పంచుకోవడంలో లాభం. మూడు చానళ్ళున్న ఊరు ట్రంకింగ్‌కు మారితే ఒకటి బేరసారాలకు పోయి, మిగిలిన రెంటిలో లాభమూ రాక, నగరం ధరకు కొన్న కంప్యూటర్ మాత్రం మిగులుతుంది. కాబట్టి చిన్న ఊరు ఒంటరిగా ఈ దారిలో వెళ్ళడం అనర్థం. జిల్లా స్థాయిలోనో రాష్ట్ర స్థాయిలోనో ఎవరితోనైనా కలవాలి. అమెరికాలో మన జిల్లాను పోలిన పరిపాలన అంచెను కౌంటీ అంటారు.

కలిసినచోట పౌనఃపున్యం మారుతుంది. పెద్ద ట్రంకింగ్ వ్యవస్థలు ఎక్కువగా 700, 800 మెగాహెర్ట్జ్ పట్టీల్లో ఉంటాయి. 155 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 2 మీటర్లు. 850 దగ్గర అది 35 సెంటీమీటర్లు. పొడవైన తరంగం గుట్ట భుజం మీదుగా కొద్దిగా వంగి అవతలి లోయలోకి దిగుతుంది, ఆకులను పెద్దగా పట్టించుకోదు. పొట్టి తరంగానికి ఆ రెండూ కష్టం. దానివైపూ రెండు సుగుణాలున్నాయి: కిటికీల గుండా భవనంలోకి బాగా దూరుతుంది, ఎల్ఈడీ దీపాలూ ఛార్జర్లూ సోలార్ ఇన్వర్టర్లూ చేసే రొద అంత పైన తక్కువ. ఈ రెండూ నగరానికి పనికొచ్చే సుగుణాలే.

ఇప్పుడు టవర్ల లెక్క. 60 మీటర్ల టవర్ నుంచి చదునైన నేల మీద రేడియో చూపు సుమారు 32 కిలోమీటర్లు ఆనుతుంది. (200 అడుగులు, అంటే 61 మీటర్లు దాటితే విమానయాన శాఖ దగ్గర నమోదు, రాత్రి దీపాలు తప్పనిసరి, అమెరికాలో 199 అడుగుల టవర్లు అన్నెందుకున్నాయో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.) చదునైన నేల ఎక్కడుంది? కొండలు, చెట్లు ఉన్నచోట ఇంజినీర్ల ఉజ్జాయింపు లెక్క ఏమిటంటే, సిగ్నల్ 10 డెసిబెల్స్ తగ్గితే, అంటే పదో వంతుకు పడిపోతే, అందే దూరం సుమారు సగమవుతుంది. దూరం సగమైతే విస్తీర్ణం నాలుగో వంతు. అదే నేలను కప్పాలంటే నాలుగింతల టవర్లు.

ఈ 10 డెసిబెల్స్ పోవడం ఎంత తేలికో చూడండి. కారు రేడియో 50 వాట్లు, చేతి రేడియో 5 వాట్లు. ఆ ఒక్కదానితోనే 10 పోయాయి. చేతి రేడియోను నడుముకు తగిలిస్తే మన ఒళ్ళే కొంత మింగుతుంది. ఇంట్లోకి నడిస్తే గోడ మరికొంత. పాతకాలంలో పల్లె రేడియోను కారు కోసం కట్టారు. ఇప్పుడు మనిషి నేలమాళిగలో నిలబడి మాట్లాడగలగాలంటున్నారు. అడిగేది న్యాయమే. కానీ ఈ రెండు కోరికల మధ్య టవర్ల సంఖ్య చాలా రెట్లు తేడా వస్తుందని ఊరి సమావేశంలో ముందుగా చెప్పేవాళ్ళు తక్కువ. ‘కవరేజీ 95 శాతం’ అని కాగితం మీద ఉంటే, దేనితో, ఎక్కడ నిలబడి అనే ప్రశ్న వేయాల్సింది అక్కడే.

అన్ని టవర్లకూ వేర్వేరు చానళ్ళు దొరకవు గనుక, అన్నీ ఒకే పౌనఃపున్యంలో ఒకే క్షణాన ఒకే మాట పంపుతాయి. దీన్ని సైమల్‌కాస్ట్ అంటారు. జీపీఎస్ గడియారాలు వాటిని జతకూరుస్తాయి. కానీ వినేవాడికి రెండు టవర్లు ఒకే దూరంలో ఉండవు. రేడియో తరంగం మైక్రోసెకనుకు 300 మీటర్లు పోతుంది. ఒక టవరు 10 కిలోమీటర్ల దూరంలో, ఇంకోటి 30 కిలోమీటర్ల దూరంలో ఉంటే రెండో కబురు 67 మైక్రోసెకన్లు ఆలస్యం. పి-25 మొదటి తరంలో ఒక్కో సంకేతం నిడివి 208 మైక్రోసెకన్లు. అందులో మూడో వంతు ఆలస్యమంటే, రెండు కబుర్లూ సమాన బలంతో వచ్చినచోట సంకేతం సంకేతం మీద పడి చెరిగిపోతుంది. రేడియో తెర మీద సిగ్నల్ నిండుగా కనిపిస్తుంది, మాట మాత్రం రాదు. టవరు మరీ దూరమై కాదు, టవర్లు ఎక్కువై పోయిన మాట అది.

ఆకాశం వినడానికి నిశ్శబ్దం

నేలతో పేచీకి తోడు ఆకాశంతోనూ పేచీ ఉన్న ఊళ్ళు వెస్ట్ వర్జీనియాలో ఉన్నాయి. పోకహాంటస్ కౌంటీ విస్తీర్ణం దాదాపు 2,400 చదరపు కిలోమీటర్లు, 2020 జనగణనలో జనం ఎనిమిది వేల లోపు. అలెగెనీ కొండలు, ఎనిమిది నదుల పుట్టిల్లు. కౌంటీ ముఖ్యపట్టణం మార్లింటన్‌ను గ్రీన్‌బ్రయర్ నది 1985 నవంబరులో ముంచేసింది. అంటే అత్యవసర రేడియో అక్కడ అలంకారం కాదు.

అదే కౌంటీలో గ్రీన్ బ్యాంక్ ఉంది. వంద మీటర్ల పళ్ళెం ఉన్న రేడియో టెలిస్కోపు అక్కడిది. ఏ వైపుకైనా తిప్పగలిగినవాటిలో ప్రపంచంలో అతి పెద్దది. 1960లో ఫ్రాంక్ డ్రేక్ వేరే నక్షత్రాల దగ్గర ఎవరైనా మాట్లాడుతున్నారేమోనని చెవిపెట్టింది అక్కణ్ణుంచే. ఆ చెవికి భూమి మీది రొద తగలకుండా 1958లో ఎఫ్‌సీసీ దాదాపు 34,000 చదరపు కిలోమీటర్ల నిశ్శబ్ద మండలం గీసింది. దానిలో ఎక్కడ స్థిరమైన ట్రాన్స్‌మిటర్ పెట్టాలన్నా అబ్జర్వేటరీతో మాట్లాడుకోవాలి.

అంత పట్టింపు ఎందుకు? ఒక లెక్క కట్టి చూద్దాం. 5 వాట్ల ఫైర్ రేడియోను చంద్రుడి మీద పెట్టి మీట నొక్కామనుకోండి. దాని శక్తి 12.5 కిలోహెర్ట్జ్ చానల్‌లో ఇరుక్కుని ఉంటుంది కాబట్టి, భూమికి చేరేసరికి ఆ చానల్ వరకు అది సుమారు 20,000 జాన్‌స్కీల (ఆకాశపు రేడియో మూలాల బలానికి కొలమానం) బలంతో కనబడుతుంది. ఆ పౌనఃపున్యాల దగ్గర, సౌరకుటుంబం బయట అత్యంత ప్రకాశవంతమైన రేడియో మూలాల్లో ఒకటి, పేలిపోయిన నక్షత్రపు శేషమైన కసియోపియా-ఎ, దానికి సుమారు సగమే. ఖగోళజ్ఞులు వెతికేది జాన్‌స్కీలో వెయ్యో వంతు మిణుకులను. చంద్రుడి మీదే ఇంత అల్లరి చేసే రేడియో పక్క కొండ మీద ఉంటే?

ఈ కొలమానానికి పేరిచ్చిన కార్ల్ జాన్‌స్కీ చరిత్రలో ఒక తమాషా ఉంది. మన తెలుగువాళ్ళు దండిగా ఉన్న న్యూజెర్సీలోనే, హోమ్‌డెల్‌లో, 1930ల మొదట్లో ఆయన బెల్ ల్యాబ్స్‌కు పనిచేస్తూ రేడియో టెలిఫోన్‌కు అడ్డొచ్చే రొద ఎక్కణ్ణుంచి వస్తోందో వెతికాడు. కొంత ఉరుముల నుంచి, కొంత పాలపుంత మధ్యభాగం నుంచి అని తేలింది. మాటకు అడ్డొచ్చే రొదను వెతకబోతే పుట్టిన శాస్త్రానికి ఇప్పుడు మాటలే అడ్డు.

నిశ్శబ్ద మండలంలో టవర్లు అసాధ్యం కావు. యాంటెన్నాను టెలిస్కోపుకు వీపు చూపించేలా తిప్పొచ్చు, శక్తి తగ్గించొచ్చు, కొండను అడ్డం పెట్టుకోవచ్చు. ప్రతి సర్దుబాటూ కొన్ని డెసిబెల్స్ తింటుంది. డెసిబెల్స్ తగ్గితే టవర్లు పెరుగుతాయని పైన చూశాం. పోకహాంటస్, పక్కనున్న పెండిల్టన్ కౌంటీల అత్యవసర సిబ్బంది ఈ నియమాల వల్ల తమకు చిక్కులని ఫిర్యాదు చేస్తూ వచ్చారు. నా సానుభూతి ఇద్దరి పక్షానా ఉంది. అయితే దేశమంతటికీ చెందిన చెవి కోసం ఎనిమిది వేల మంది అదనపు టవర్లు కట్టుకోవాలనడం న్యాయం కాదు. ఆ తేడా సొమ్ము దేశమే పెట్టుకోవాలి.

గోడల లోపల

2022 మే 24న టెక్సస్‌లోని యువాల్డీలో, దాదాపు 15,000 మంది ఉండే ఊళ్ళో, బడిలో దుండగుడు కాల్పులు జరిపి 19 మంది పిల్లలను, ఇద్దరు టీచర్లను చంపాడు. తర్వాత నెలలో రాష్ట్ర ప్రజాభద్రతా విభాగం అధిపతి సెనెట్ కమిటీ ముందు చెప్పినదాని ప్రకారం, స్థానిక పోలీసుల, షరీఫ్ సిబ్బంది రేడియోలు బడి లోపల పనిచేయలేదు. సరిహద్దు గస్తీ దళం రేడియోలు పనిచేశాయి, అవీ అంతంత మాత్రమే. ఆ రోజు పోలీసులు గంటకు పైగా దుండగుడున్న గది తలుపు తెరవకపోవడం రేడియో తప్పు కాదు, నిర్ణయాల తప్పు; దాన్ని యంత్రం మీదికి నెట్టడం తప్పించుకోవడమే. కానీ బడి గోడలు మాత్రం చిన్న ఊరి రేడియోకు నిజమైన పరీక్ష. కాంక్రీటు, ఇనుప కప్పు, వేడిని ఆపడానికి కిటికీ అద్దాలకు పూసే లోహపు పొర, అన్నీ తరంగాన్ని బయటే నిలబెడతాయి. పెద్ద భవనాల్లో లోపల సిగ్నల్‌ను బలపరిచే రిపీటర్ పెట్టించే నిబంధనలు చాలాచోట్ల వచ్చాయి. 1950లలో కట్టిన బడికి దాన్ని ఎవరు పెట్టిస్తారు?

డబ్బు మాటకొస్తే, సాదా అనలాగ్ చేతి రేడియో కొన్ని వందల డాలర్లు. పి-25 ట్రంకింగ్ రేడియో వేల డాలర్లు. ఫైర్ దళాలకు ఫెడరల్ గ్రాంట్ ఒకటుంది. 20,000 లోపు జనాభా ఉంటే ఊరు 5 శాతం భరిస్తే చాలు. బాగానే ఉంది. కానీ అది పోటీ గ్రాంట్. దరఖాస్తు రాయడమే ఒక విద్య, జీతగాళ్ళున్న పట్టణానికి ఆ విద్య వచ్చినవాడు ఉంటాడు. గెలిచినా రేడియోలు ఒకసారి కొనివ్వగలదు తప్ప ఏటా సాఫ్ట్‌వేర్ చందా కట్టదు, మంచులో కొండెక్కి జనరేటర్‌కు గ్యాసు నింపదు. ఆ డబ్బుకు ఆదివారం పాన్‌కేకుల విందు, లాటరీ టిక్కెట్లు. పాత రిపీటర్లను కేంద్రానికి కలిపిన రాగి తీగల లీజు లైన్లను టెలిఫోన్ కంపెనీలు ఎత్తేస్తున్నాయి, వాటి బదులు మైక్రోవేవ్ లింకు కట్టుకోవాలి. పాతదాన్ని ఇంకొన్నాళ్ళు అలాగే లాగుదామన్నా కుదరనివ్వని ఖర్చు ఇది.

సెల్‌ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకు అంటారు చాలామంది. 2012లో కాంగ్రెస్ ఫస్ట్‌నెట్ అనే ప్రజాభద్రతా సెల్ నెట్‌వర్క్‌కు చట్టం చేసింది. 2017లో ఏటీ అండ్ టీకి 25 ఏళ్ళ కాంట్రాక్టు ఇచ్చారు. మ్యాపులు, ఫొటోలు, రోగి వివరాలు పంపడానికి అది చాలా మేలు. కానీ మామూలు సెల్‌ఫోన్ ఐదో వంతు వాటుతో మాట్లాడుతుంది, అదీ టవరు వింటుంటేనే. టవరు పోతే పక్క గదిలో ఉన్నవాడితోనూ మాట లేదు. 2020 క్రిస్మస్ నాడు నాష్‌విల్‌లో ఒక టెలిఫోన్ భవనం ముందు బాంబు పేలితే, చుట్టుపక్కల ఎన్నో ఊళ్ళ 911, ఫస్ట్‌నెట్ సేవలు దెబ్బతిన్నాయి. 5 వాట్ల రేడియోలు రెండు ఎదురెదురుగా ఉంటే వాటికి భూమ్మీద మూడోదాని అవసరం లేదు.

మిన్నెసోటా వేసుకున్న దారి నాకు అన్నిటిలోకి తెలివైనదిగా కనిపిస్తుంది. రాష్ట్రమే ఆర్మర్ అనే పేరుతో 800 మెగాహెర్ట్జ్ వెన్నెముక కట్టింది, కౌంటీలు ఒక్కొక్కటిగా చేరాయి. 2007 ఆగస్టు 1న మినియాపొలిస్‌లో మిసిసిపి నది మీది వంతెన కూలినప్పుడు రకరకాల దళాలు ఆ రేడియోలో కలిసి మాట్లాడుకోగలిగాయి. ఇలాంటి ఏర్పాటులో నేల ఖర్చును రాష్ట్రం మోస్తుంది, ఊరు తన మనుషుల రేడియోలకే కడుతుంది. మెలిక ఒకటుంది. రాష్ట్రం హామీ ఇచ్చిన 95 శాతం కవరేజీ వాహనాల్లోని రేడియోలకు. చేతి రేడియో ఇంటి లోపల పనిచేయాలంటే అదనపు టవర్లు స్థానికులు పెట్టుకోవాలి. అందుకే ఇలా చేరిన దళాలు చాలావాటిలో మూడు పొరలు కనిపిస్తాయి: దూరపు మాటకు రాష్ట్ర డిజిటల్, పేజర్లకు పాత వీహెచ్ఎఫ్ అనలాగ్, మండుతున్న ఇంటి దగ్గర మనిషికీ మనిషికీ మధ్య ఏ టవరూ లేని సూటి చానల్. మూడింటినీ పట్టగల రేడియో ఇప్పుడు దొరుకుతోంది. దాని ధర మిగతా అన్నిటికంటే ఎక్కువ.